ప్రజాప్రతినిధి తరిమెల నాగిరెడ్డి

పడమటి కనుమలను దాటి వచ్చే నైరుతి మేఘాలు దక్కను పీఠభూమి నడిబొడ్డుకు చేరేసరికి తమ నీటిని చాలావరకు కోల్పోతాయి. బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, కొండల వరుసలు దాటేలోగా బలహీనపడతాయి. ఈ రెండింటి పంక్తిలోనూ చివరి విస్తరి అనంతపురం నేలదే. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే వాన కురిసే ఈ జిల్లాను, దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వర్షపాతం గల జిల్లాగా లెక్కిస్తారు. ఆ కొద్దిపాటి వాన కూడా అదనుకు పడదు. విత్తనాల వేళ ఊరించి, వేరుసెనగ ఊడ దిగే వేళ ముఖం చాటేస్తుంది. విజయనగర ప్రభువుల కాలం నుండి ఇక్కడి పాలకులు చెరువులు తవ్వించింది ఇందుకే. అనంతపురం, బుక్కరాయసముద్రం చెరువులు ఆ కాలపువే. చెరువు కట్ట తెగితే ఎవరు పూడ్పించాలి, కరువు వస్తే ఎవరు గంజి పోయించాలి, అందుకు ఖజానా నుండి వెచ్చించిన సొమ్ముకు ఎవరు లెక్క చెప్పాలి అనే ప్రశ్నలు ఈ ప్రాంతపు ప్రజలకు రాజనీతి గ్రంథాలలోనివి కావు, కడుపుకు సంబంధించినవి.

ఈ నేల మీద పుట్టి, ఈ ప్రశ్నలను మద్రాసు శాసనసభ నుండి లోక్‌సభ వరకు వినిపించి, చివరకు జవాబు దొరకని చోట కూర్చోవడం వ్యర్థమని భావించి సభను విడిచి వెళ్ళిన నాయకుడు తరిమెల నాగిరెడ్డి.

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11వ తేదీన అనంతపురం జిల్లా తరిమెల గ్రామంలో, సంపన్నమైన భూస్వామి కుటుంబంలో జన్మించారు. శింగనమల ప్రాంతంలోని ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరు. చదువు కోసం ఆయనను మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ పాఠశాలకు పంపించారు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో రూపుదిద్దుకొన్న ఆ విద్యాలయంలో పిల్లలను బెత్తంతో కాక ప్రశ్నతో తీర్చిదిద్దే ప్రయత్నం జరిగేది. ఆ తరువాత మద్రాసులోని లయోలా కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను ఉన్నత విద్య సాగింది. అది ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం అలముకొని, పంటల ధరలు పడిపోయి, రైతు కుటుంబాలు అప్పులలో కూరుకుపోయిన కాలం. స్వాతంత్ర్యోద్యమం ఒకవైపు, సోవియట్ దేశపు ప్రణాళికల వార్తలు మరొకవైపు యువకుల మనస్సులను ఆకర్షిస్తున్నాయి. కాశీలో చదువుతున్న రోజులలోనే నాగిరెడ్డి మార్క్సిస్టు భావాలవైపు మొగ్గారు. న్యాయశాస్త్రం చదివినా, నల్లకోటు తొడుక్కొని సంపాదించే ఆలోచన లేకుండానే స్వగ్రామానికి తిరిగివచ్చారు.

తరిమెల తెలుగువారికి మరొక ప్రసిద్ధుణ్ణి కూడా ఇచ్చింది. రాయలసీమ దైన్యాన్ని 'పెన్నేటి పాట' కావ్యంగా మలచిన విద్వాన్ విశ్వం జన్మించింది ఆ ఊళ్ళోనే. ఒకే ఊరి మట్టిలో రెండేళ్ళ తేడాతో పుట్టిన ఇద్దరిలో ఒకరు కరువును కావ్యవస్తువుగా స్వీకరించగా, మరొకరు దానిని చట్టసభ చర్చకు తీసుకువెళ్ళారు. యౌవనంలో ఇద్దరి దారీ ఒక్కటే. అనంతపురంలో నవ్యసాహిత్యమాల పేరుతో పుస్తకాలు ప్రచురించడంలో వారు కలిసి పనిచేశారు. రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైన తరువాత, ఆ యుద్ధం సామాన్యుని బ్రతుకుపై ఎలాంటి ఆర్థిక ప్రభావం చూపుతుందో వివరిస్తూ నాగిరెడ్డి ఒక చిన్న పుస్తకం రాశారు. ధరలు, పన్నులు, నిత్యావసరాల గురించి చెప్పిన ఆ పుస్తకం తెల్లదొరలకు రాజద్రోహంగా కనిపించింది. రచయితకూ ప్రచురణకర్తకూ చెరసాల తప్పలేదు. అంకెలను ఆయుధంగా ప్రయోగించే పద్ధతి నాగిరెడ్డికి ఆనాటి నుండే అలవడింది. ఆ పద్ధతికి పాలకులిచ్చే ప్రతిఫలం కూడా ఆనాటి నుండే తెలిసివచ్చింది. స్వాతంత్ర్యానికి ముందూ వెనుకా మరికొన్నిసార్లు ఆయన నిర్బంధానికి గురయ్యారు. తన వంతుకు వచ్చిన భూమిని పేదలకు ఇచ్చివేశారని జిల్లాలో నేటికీ చెప్పుకొంటారు.

స్వతంత్ర భారతదేశంలో తొలి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. అనంతపురం శాసనసభ స్థానంలో కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసి, రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవిని చేపట్టిన పెద్ద నాయకుడాయన. కమ్యూనిస్టు అభ్యర్థి నాగిరెడ్డి. వీరిద్దరూ పరాయివారు కారు. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ సంజీవరెడ్డి ధర్మపత్ని. బావాబావమరదుల మధ్య జరిగిన ఆ పోటీని జిల్లా ప్రజలు ఎంత ఆసక్తితో చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. పెళ్ళిపందిరిలో ఒకే వరుసలో కూర్చోవలసినవారు ఎన్నికల పందిళ్ళలో ఎదురెదురుగా నిలిచారు. గెలుపు నాగిరెడ్డిని వరించింది. రాష్ట్రంలోనూ గాలి ఇటే వీచింది. ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాలలో కాంగ్రెసుకు 43 దక్కగా, కమ్యూనిస్టులు 41 గెలుచుకొన్నారు. మొత్తం 375 మంది సభ్యులున్న మద్రాసు శాసనసభలో ఏ పక్షానికీ సొంత బలం చాలలేదు. చివరకు చక్రవర్తి రాజగోపాలాచారి ముఖ్యమంత్రి అయ్యారు. ముప్పై అయిదేళ్ళ నాగిరెడ్డి ప్రతిపక్ష నాయకుడిగా ఆయన ఎదుట కూర్చున్నారు. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం, ఇంగ్లీషు కలగలిసి వినిపించే ఆ సభలో రాయలసీమ కరువు వినిపించవలసిన సమయమది.

ఎందుకంటే అప్పటికి వరుసగా వానలు తప్పి, సీమ జిల్లాలలో ప్రభుత్వం గంజికేంద్రాలు తెరిచింది. కరువు సహాయం అనేది దాత ఇష్టపడి వేసే భిక్ష కాదు, దానికి రాతపూర్వకమైన నియమాలున్నాయి. లక్షలాది ప్రాణాలను బలిగొన్న 1876-78 నాటి ధాత కరువు తరువాత, ఆంగ్ల ప్రభుత్వం 1880లో కరువు కమిషను సిఫారసులను అందుకొని కరువు నిబంధనావళిని రూపొందించింది. దాని ప్రకారం, ఒక తాలూకాలో కరువున్నదని అధికారులు వెంటనే ఒప్పుకోరు. ముందుగా పరీక్షాపనులు మొదలుపెడతారు. రాళ్ళు కొట్టడం, మట్టి మోయడం వంటి బరువైన పనికి బొటాబొటి కూలి ఇచ్చి, ఎందరు వస్తారో చూస్తారు. ఎండలో ఆ కూలికి కూడా జనం తండోపతండాలుగా వస్తేనే ఆకలి నిజమని తేలినట్లు. అప్పుడు కరువు పనులు అధికారికంగా ఆరంభమవుతాయి. కూలిని ధాన్యపు ధరకు ముడిపెడతారు. కొలత ప్రకారం పని పూర్తి కాకపోతే కూలి కోస్తారు. పని చేయలేని వృద్ధులకు, రోగులకు, పసిపిల్లల తల్లులకు ఉచిత సహాయం అందించాలి. ఆకలిని కూడా పరీక్ష పెట్టి నిరూపించుకోవలసిన ఈ విధానం దొరల ప్రభుత్వం పోయిన తరువాత కూడా చాలాకాలం కాగితాల మీద నిలిచి ఉన్నది.

ఇందులో ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న పుడుతుంది. పరీక్షాపనులు ఏ తేదీన మొదలయ్యాయి, కరువును ప్రకటించడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఆ మధ్య కాలంలో పశువులను సంతలో తెగనమ్ముకొని వలసపోయిన కుటుంబాలెన్ని, ధాన్యం ధర పెరిగినప్పుడు కూలి పెరిగిందా, హాజరు పట్టీలో ఉన్న పేరుకు డబ్బు ముట్టిందా, గంజిలో గింజ ఎంత, నీరెంత? అనంతపురం ప్రతినిధి అయినవాడు అడగక తప్పని ప్రశ్నలివి. మంత్రి సభలో నిలబడి కరువు నివారణకు ఇన్ని లక్షలు మంజూరు చేశామని చెప్పడం తేలిక. మంజూరు అయిన రూపాయి తాలూకా కచేరీ, కాంట్రాక్టరు, మేస్త్రీ చేతులు దాటి తట్ట మోసిన మనిషి చేతికి చేరేలోగా ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. నాగిరెడ్డి దృష్టి ఎప్పుడూ ఈ రెండవ లెక్క మీదనే నిలిచేది.

శాసనసభలో ప్రశ్నకు ఒక పద్ధతి ఉన్నది. సభ్యుడు ముందుగా రాసి ఇచ్చిన ప్రశ్నకు సంబంధిత మంత్రి నిర్ణీత దినాన జవాబు చెప్పాలి. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు నోటిమాటగా, గుర్తు లేని దానికి రాతపూర్వకంగా సమాధానం వస్తుంది. నోటి సమాధానం వచ్చినప్పుడు సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. కార్యాలయం సిద్ధం చేసి ఇచ్చిన కాగితాన్ని చదివే మంత్రికి అసలు పరీక్ష ఆ అనుబంధ ప్రశ్నల దగ్గరే ఎదురవుతుంది. ఇక పద్దుల చర్చలో కోత తీర్మానాలుంటాయి. ఒక శాఖ విధానాన్నే నిరసించదలచిన సభ్యుడు ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటాడు. ఫలానా ఊరి చెరువు గురించో ఆసుపత్రి గురించో తన ప్రాంతపు ఫిర్యాదు వినిపించదలచినవాడు నూరు రూపాయల కోత కోరుతాడు. ఆ తీర్మానం నెగ్గదని అడిగేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. నెగ్గడం దాని ప్రయోజనం కాదు, మంత్రి లేచి జవాబు చెప్పవలసి రావడమే దాని ప్రయోజనం.

ఇది మనకు కేవలం ఆంగ్లేయులు నేర్పిన విద్య అనుకోనక్కరలేదు. భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజు సభకు వచ్చి కుశలప్రశ్నల నెపంతో రాజ్యపాలన అంతటినీ తరచి తరచి అడుగుతాడు. రాజ్యంలో నిండు చెరువులు అక్కడక్కడా ఏర్పాటై ఉన్నాయా, సేద్యం కేవలం వాన మీదనే ఆధారపడి లేదు కదా, రైతుకు విత్తనాలకు, తిండికి లోటు లేదు కదా, తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతున్నదా, గణకులు ప్రతిదినమూ ఉదయాన ఆదాయవ్యయాల లెక్క చూపుతున్నారా అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఆ జాబితాను అనంతపురం పటం పక్కన పెట్టి చదివితే వేల ఏళ్ళ దూరం కనిపించదు. తేడా ఒక్కటే. నారదుడు దేవర్షి కనుక ధర్మరాజు వినయంతో విన్నాడు. ప్రజాస్వామ్యంలో అడిగేవాడు ప్రతిపక్ష సభ్యుడు, వినే మంత్రికి సంఖ్యాబలం ఉంటుంది.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. తెలుగువారి చిరకాల వాంఛ ఫలించినా, అనంతపురానికి అందులో ఒక చేదు కూడా కలిసింది. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరడంతో, హోసపేట దగ్గర ఆ ఏడాదే పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట పొరుగు రాష్ట్రానిదయింది. అనంతపురం ఆశలన్నీ ఆ జలాశయపు ఎగువ కాలువ మీదనే ఉన్నాయి. కాలువ తవ్వకం ఏళ్ళ తరబడి సాగింది. తరువాతి కాలంలో కృష్ణాజలాల వివాదాన్ని పరిష్కరించిన బచావత్ ట్రైబ్యునల్ ఎగువ కాలువ కింద ఆంధ్రప్రదేశ్‌కు 32.5 శతకోటి ఘనపుటడుగుల నీటిని కేటాయించింది గాని, జలాశయంలో పూడిక పెరిగినకొద్దీ ఆ అంకెకూ పారిన నీటికీ పొంతన తగ్గుతూ వచ్చింది.

కొత్త రాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. మరుసటి ఏడాది మధ్యంతర ఎన్నికలలో 196 స్థానాలకు గాను కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. మూడేళ్ళ క్రితం అధికారపు గడప దాకా వచ్చిన పార్టీకి అది పెద్ద దెబ్బ. నాగిరెడ్డి మాత్రం అనంతపురం పల్లెలను వదలలేదు. 1957లో అదే జిల్లా ఓటర్లు ఆయనను లోక్‌సభకు పంపించారు.

ఆయన ఢిల్లీ వెళ్ళిన మొదటి ఏడాదిలోనే పార్లమెంటు చరిత్రలో చెప్పుకోదగిన సంఘటన ఒకటి జరిగింది. ప్రభుత్వరంగంలోని జీవిత బీమా సంస్థ, ముంద్రా అనే వ్యాపారికి చెందిన కంపెనీల వాటాలను కోటి రూపాయలకు పైగా వెచ్చించి కొన్నది. పాలసీదారుల సొమ్మును ఇలా వెచ్చించడం ఏమిటని 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు. ఆయన అధికారపక్షానికే చెందిన సభ్యుడు, పైగా ప్రధానమంత్రి అల్లుడు. న్యాయమూర్తి చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి పదవిని వదులుకోవలసి వచ్చింది. ఒక సభ్యుని ప్రశ్న కేంద్ర ఆర్థికమంత్రిని గద్దె దింపగలదని ఆ లోక్‌సభ నిరూపించింది. అయితే వాటాల కొనుగోలుకు చెక్కులు, సంతకాలు, సాక్షులు ఉంటారు. కరువు పనిలో కోసిన అణాకు ఏ సాక్ష్యం ఉంటుంది? పెద్ద మొత్తానికి జవాబుదారీ దొరికిన వ్యవస్థలో చిన్న మొత్తానికి అది దొరక్కపోవడం నాగిరెడ్డి వంటివారిని కలవరపెట్టిన వైరుధ్యం.

1962లో ఆయన పుట్లూరు నియోజకవర్గం నుండి గెలిచి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అడుగుపెట్టారు. ముఖ్యమంత్రి స్థానంలో ఉన్నది నీలం సంజీవరెడ్డి. పదేళ్ళ క్రితం ఓట్ల పెట్టె దగ్గర తలపడిన బావాబావమరదులు ఇప్పుడు సభలో ఎదురెదురు వరుసలలో కూర్చున్నారు. చుట్టరికం చుట్టరికమే, రాజకీయం రాజకీయమే అన్న గీతను ఇద్దరూ చెరపలేదు. ఈనాటి కుటుంబ రాజకీయాలను చూస్తున్నవారికి అది వింతగా తోచవచ్చు.

ఆ ప్రభుత్వ కాలంలోనే మంత్రుల జవాబుదారీతనానికి సంబంధించిన మరొక ఘట్టం చోటుచేసుకొన్నది. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు మార్గాలను ప్రైవేటు యజమానుల నుండి తీసుకొని రోడ్డు రవాణా సంస్థకు అప్పగించడాన్ని సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. రాజకీయ కారణాలతో ముఖ్యమంత్రి ప్రమేయం వల్లనే ఆ జిల్లాను ఎంచుకొన్నారన్నది వారి ఆరోపణ. దానిని ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం ద్వారా ఖండించలేదన్న విషయాన్ని న్యాయస్థానం 1964 ఆరంభంలో తన తీర్పులో ఎత్తిచూపి, ఆ పథకాన్ని కొట్టివేసింది. ఆ వ్యాఖ్యల దరిమిలా సంజీవరెడ్డి ఫిబ్రవరిలో పదవికి రాజీనామా చేశారు. పదవిని పట్టుకొని వేలాడకుండా తప్పుకొన్న ఆ నిర్ణయం ఆయన ప్రతిష్ఠను పెంచిందే గాని తగ్గించలేదు. ఆయన స్థానంలో కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది కమ్యూనిస్టు పార్టీ కూడా రెండుగా చీలిపోయింది. నాగిరెడ్డి మార్క్సిస్టు పార్టీ పక్షాన నిలిచారు.

ఆ సంవత్సరాలలో ఆయనను ఎక్కువగా వేధించిన అంశం భూమి. 1961లో రాష్ట్ర ప్రభుత్వం భూపరిమితి చట్టం చేసింది. నేల స్వభావాన్ని బట్టి ఒక కుటుంబం 27 ఎకరాల నుండి 324 ఎకరాల వరకు ఉంచుకోవచ్చునని ఆ చట్టం అనుమతించింది. పరిమితి అన్న పేరే గాని, అంత విశాలమైన గీతకు అవతల మిగిలే భూమి ఎంత ఉంటుంది? ఉన్న కొద్దిపాటిదీ చట్టం వస్తున్నదని తెలియగానే బంధువుల పేర, బినామీల పేర బదిలీ అయిపోయింది. పేదలకు చేరిన మిగులు భూమి అతి స్వల్పం. పెద్ద భూస్వామి ఇంట పుట్టిన నాగిరెడ్డికి ఆ దారులన్నీ పుస్తకం చదివి తెలుసుకోవలసినవి కావు. ఏ కాగితం ఏ కరణం చేతిలో ఎలా మారుతుందో లోపలి నుండి చూసినవాడు కావడం వల్ల, మంత్రుల సమాధానాలు ఆయనను తృప్తిపరచలేకపోయాయి.

1967 ఎన్నికలలో అనంతపురం నుండి మళ్ళీ గెలిచారు. మార్క్సిస్టు పార్టీకి రాష్ట్రమంతటా వచ్చిన స్థానాలు 9 మాత్రమే. సభలో కమ్యూనిస్టుల గొంతు పలచబడింది. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి స్వతంత్రులు ఒంటరిగానైనా ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ, సభ ఉన్నంతకాలం అడగవలసిందే అన్న విశ్వాసంతో ఉండగా, నాగిరెడ్డిలో ఆ విశ్వాసం క్షీణించసాగింది.

అందుకు శ్రీకాకుళం మన్యం ఒక ముఖ్య కారణం. గిరిజనుల భూములు మైదాన ప్రాంతపు షావుకార్ల పాలు కాకుండా కాపాడడానికి ప్రభుత్వం 1959లోనే ఒక నిబంధన చేసింది. 1959లో మొదటిది కనుక దానిని ఒకటి బై యాభైతొమ్మిది అని వ్యవహరిస్తారు. అయితే ఏ చట్టమైనా అమలు కావాలంటే దాని కింద నియమాలు రూపొందాలి. దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో, ఏ అధికారి విచారించాలో, ఎన్నాళ్ళలో తేల్చాలో ఆ నియమాలే చెబుతాయి. ఆ నియమాలు వెలువడడానికి పది సంవత్సరాలు పట్టింది, అంటే 1969 వచ్చింది. ఈ పదేళ్ళలో భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. కొండలలో అశాంతి రగిలింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద భూస్వాముల కాల్పులలో ఇద్దరు గిరిజనులు మరణించారు. ఆ నిబంధనను పదేళ్ళు పక్కన పెట్టింది కార్యనిర్వాహక వర్గం. ఆ ఆలస్యానికి ఏ మంత్రీ రాజీనామా చేయలేదు. ముంద్రా వ్యవహారంలోను, బస్సు మార్గాల వ్యవహారంలోను పనిచేసిన జవాబుదారీ సూత్రం కొండ ఎక్కలేకపోయింది.

1968లో నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వేంకటేశ్వరరావు తదితరులు మార్క్సిస్టు పార్టీ నుండి వేరుపడి విప్లవ కమ్యూనిస్టుల సంఘంగా ఏర్పడ్డారు. ప్రజలను సిద్ధం చేయకుండా ఆయుధాలకు తొందరపడకూడదన్నది నాగిరెడ్డి వాదం. ఈ విషయంలోను, ఆయన ఇంకా శాసనసభ్యుడిగా కొనసాగడం విషయంలోను దేశంలోని ఇతర విప్లవకారులతో ఆయనకు భేదాలు వచ్చాయి. ఇటు చట్టసభను పూర్తిగా నమ్మేవారికీ, అటు దానిని పూర్తిగా తృణీకరించేవారికీ మధ్య ఆయన కొంతకాలం ఒంటరిగా నిలిచారు.

1969 మార్చిలో ఆ ఊగిసలాట ముగిసింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో రాష్ట్రం అట్టుడుకుతున్న రోజులవి. సభలో లేచి నిలబడి, తాను సభ్యత్వాన్ని ఎందుకు వదులుకొంటున్నదీ నాగిరెడ్డి వివరంగా చెప్పారు. ప్రజల మౌలిక సమస్యలను పరిష్కరించే శక్తి ఈ సభకు లేదని, ఇక్కడ చేసిన చట్టాలు పేదల గుమ్మం దాకా పోవడం లేదని, హక్కుల కోసం కదిలినవారికి జవాబుగా పోలీసు బలగం వెళుతున్నదని, తనకు ఇక మిగిలిన దారి ప్రజల మధ్యకు వెళ్ళడమేనని ఆ ప్రసంగ సారాంశం. తెలుగునాట చట్టసభలలో వినిపించిన ప్రసంగాలలో ప్రత్యేకంగా గుర్తుండిపోయిన వాటిలో అది ఒకటి. ఆ నిర్ణయం సరైనదేనా అన్న విషయంలో ఆయనను అభిమానించేవారిలో కూడా ఏకాభిప్రాయం లేదు. అడిగేవాడు లేచిపోతే మంత్రికి సుఖమే కదా అన్నవారున్నారు. పదిహేడేళ్ళు అడిగి చూసిన తరువాత గాని లేచిపోలేదని గుర్తుచేసినవారూ ఉన్నారు.

ఆ ఏడాది డిసెంబరులో మద్రాసులో ఆయనను, సహచరులను పోలీసులు అరెస్టు చేశారు. ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారన్న అభియోగంతో నడిచిన ఆ కేసు హైదరాబాదు కుట్రకేసుగా ప్రసిద్ధి పొందింది. అభియోగానికి సమాధానంగా న్యాయస్థానానికి సమర్పించేందుకు ఆయన జైలులో ఒక సుదీర్ఘమైన ప్రకటన సిద్ధం చేశారు. స్వతంత్ర భారతం విదేశీ పెట్టుబడికి, అప్పులకు ఎలా తాకట్టుపడిందో చూపించడం దాని లక్ష్యం. చిత్రమేమిటంటే, ప్రభుత్వాన్ని ఇక నమ్మనని సభ విడిచిన మనిషి ఆ ప్రకటనను నిర్మించింది చాలావరకు ప్రభుత్వపు లెక్కలతోనే. ప్రణాళికా పత్రాలు, విచారణ సంఘాల నివేదికలు, గణాంకాల పట్టికలు పుట పుటకూ ఎదురవుతాయి. శాసనసభలో అనుబంధ ప్రశ్న వేసినట్లుగా, ఒక నివేదికలోని అంకెను మరొక నివేదికలోని అంకెతో ఢీకొట్టి జవాబు రాబట్టే పద్ధతి అందులో కనిపిస్తుంది. వేదిక మారింది, అడిగే తీరు మారలేదు.

1972లో ఆయన బెయిలుపై విడుదలయ్యారు. 1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించడంతో అజ్ఞాతంలోకి వెళ్ళారు. ప్రశ్నించే హక్కు చట్టసభలలో సైతం సన్నగిల్లి, పత్రికల మీద సెన్సారు అమలైన కాలమది. ఆ అజ్ఞాతవాసంలో ఆరోగ్యం చెడింది. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రిలో మారుపేరుతో చేర్చారు. మూడుసార్లు శాసనసభకు, ఒకసారి లోక్‌సభకు ఎన్నికైన నాయకుడు ఒక సామాన్య రోగిగా, తనది కాని పేరుతో ప్రభుత్వ ఆసుపత్రి మంచం మీద 1976 జూలై 28వ తేదీన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 59 సంవత్సరాలు.

ఆయన న్యాయస్థానం కోసం రాసిన ప్రకటన రెండేళ్ళ తరువాత, 1978లో, ఇంగ్లీషులో గ్రంథంగా వెలువడింది. అనంతపురంలో ఆయన పేరిట ఏర్పడిన స్మారక సంస్థ దానిని ప్రచురించింది. తరువాత 'తాకట్టులో భారతదేశం' పేరుతో తెలుగులోకి వచ్చింది. ఆ గ్రంథం అచ్చయిన నాటికి ఢిల్లీలో రాష్ట్రపతి పదవిలో ఉన్నది నీలం సంజీవరెడ్డి.